నాలుగింటికి నీళ్లు

మూడో గదిలో ఒక మట్టిగోడ ఉంది.
అంతే. బొమ్మ లేదు, రంగు లేదు.
నా ఎత్తుకు రెండింతలు, నా అడుగుల్లో పదిహేడు.
చేసినావిడ పేరు ఇసౌరా. పోయి ఆరేళ్లయింది.
పోతూ ఒక కాగితం వదిలింది:
రోజూ సాయంత్రం నాలుగింటికి తడపండి,
ఎవరైనా సరే, చేత్తోనే.

ఆ ఎవరైనా నేనయ్యాను,
కాపలాకని వచ్చిన ఒబ్దూలియాని.
మ్యూజియం కొత్తది. కింద రాయి మాత్రం పాతది.
ఎప్పుడో ఒక కొండ కక్కిన నిప్పు
నల్లగా గడ్డకట్టి, బల్లులకు ఇల్లయి,
ఆ తర్వాత యూనివర్సిటీ అయింది.
మెక్సికో నగరమంతా మెత్తటి బురదలోకి కుంగుతుంటే
మా క్యాంపస్ ఒక్కటే కదలదు.

ఒక ప్రొఫెసరు ఆ గోడ గురించి
నలభై నిమిషాలు మాట్లాడాడు,
రెండు చేతులూ జేబుల్లోనే పెట్టుకుని.
ఒక చంటివాడు మాత్రం వాసన చూసి
"లోపల వాన పడుతోందా?" అన్నాడు.
నా ఉద్యోగం ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే వాడికిస్తాను.

మార్చిలో సమ్మె.
జకరాండా పూలు రాలి దారంతా ఊదారంగు.
గేటుకు ఎరుపూ నలుపూ జెండా కట్టాం.
కట్టాం అంటున్నాను గానీ, ముడి వేసింది నేనే.

మొదటిరోజు నాలుగయ్యేసరికి
నా కుడిచెయ్యి దానంతటదే బకెట్టు కోసం వెతికింది.
మూడోరోజు ఊచల్లోంచి మెడ సాచి
అద్దాల అవతలికి చూశాను:
పైఅంచున వెంట్రుకవాసి గీత.
ఐదోరోజుకి అది వేలు దూరేంత నెర్రె.
సంఘం కార్యదర్శిని అడిగాను.
"గోడ యాజమాన్యానిది, ఎండనీ" అన్నాడు.
నిజమే. జీతం పెంచమని గొంతు చించుకున్నది నేనే కదా.
అయినా ఆ రాత్రి నా నాలుక పిడచకట్టుకుపోయింది.

లోపల పడుకునే పిల్లల్లో ఒకడు ఎలెయాసర్.
ముఖానికి గుడ్డ, కళ్లొక్కటే కనిపించేవి.
దంతవైద్యం రెండో ఏడు.
ఊచలకు ఇవతల నేను, అవతల వాడు,
మధ్యలో నేనిచ్చిన తమాల్ పొట్లం, మొక్కజొన్న ఆకులో వెచ్చగా.
"అది కళేనా, అమ్మా?" అన్నాడు.
"ఏమో నాయనా. దానికి దాహం మాత్రం వేస్తుంది."

చెప్పాను:
కింది నుంచి మొదలుపెట్టు.
చిలకరించకు, అది చర్చి కాదు.
రుద్దకు, అది అంటు గిన్నె కాదు.
జ్వరమొచ్చిన పిల్ల నుదుట తడిగుడ్డ వేస్తావు చూడు, అలా.
నేను గేటు దాటలేదు. మాట తప్పలేదు.
మాటనొక్కదాన్నే దాటించాను.

నలభై ఒక్క రోజులు.
పన్నెండు శాతం అడిగితే మూడున్నర ఇచ్చారు.
జెండా విప్పింది కూడా నేనే; ముడి బిగిసిపోయి
పళ్లతో లాగాల్సివచ్చింది.

గోడ బతికే ఉంది.
పైన నెర్రె అలాగే ఉంది గానీ పెదవులు తడిగా ఉన్నాయి.
కింద, మోకాలెత్తున, ఒక అరచెయ్యి.
లోతుగా దిగింది, చిటికెనవేలు కాస్త వంకర.
మరమ్మతులు చూసే దొనాజీ భూతద్దంతో చాలాసేపు కూర్చుంది.
"దీన్ని నష్టమని రాయనా? పూడ్చమంటారా?"
"కాగితంలో చేత్తోనే అని ఉందిగా" అన్నాను.
ఏదో రాసింది. కొట్టేసింది. లైటు ఆర్పి వెళ్లిపోయింది.

నిన్న ఒక కుర్రాడు వచ్చాడు, టికెట్టు కొనుక్కుని.
గడ్డం కింద మొటిమలు, ఎప్పుడూ చూడని ముఖం.
తిన్నగా ఆ మూలకే వెళ్లి వంగి
చెయ్యి చాపాడు.
"ముట్టుకోకూడదు" అన్నాను, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ.
తలెత్తాడు. ఆ కళ్లు నాకు తెలుసు.

గడియారం చూశాను. నాలుగుకి పది నిమిషాలు.
"కాస్త ఆగు" అన్నాను.